బస్టాండు దగ్గరి ఇడ్లీ బండిని కొత్త షెడ్డులోకి మార్చమంటున్నారు: అమ్మ సంతకం పెట్టాలా, వద్దా?

ప్రశ్న — గంజాం తెలుగు

అందరికీ నమస్కారం. మాది దక్షిణ ఒడిశాలో, వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఒక పట్టణం. అమ్మ రేపు కూడా అదే పురపాలక కార్యాలయం మెట్లు ఎక్కవలసి ఉంది కాబట్టి ఊరి పేరు రాయడం లేదు.

మా అమ్మ ఇరవై రెండేళ్ళుగా బస్టాండు ఎదురుగా ఇడ్లీ, వడ బండి నడుపుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తుంది. పర్లాకిమిడి, గుణుపూర్ వైపు వెళ్ళే తొలి బస్సుల డ్రైవర్లు, కండక్టర్లతో బోణీ అవుతుంది. వాళ్ళ వెనక తాపీ పనికి, మూటల పనికి వెళ్ళేవాళ్ళు, చివరగా కాలేజీ పిల్లలు వస్తారు. తొమ్మిది దాటేసరికి బండి మీద కడగవలసిన గిన్నెలు తప్ప మరేమీ మిగలదు. ముందురోజు రాత్రి మూడు కిలోల మినప్పప్పు రుబ్బి ఏడు కిలోల ఇడ్లీ రవ్వలో కలిపి పెడితే, మరునాడు ఎనభై ప్లేట్లకు తక్కువ అమ్ముడయ్యేది కాదు.

గత ఏడాది చివర్లో ఆ రోడ్డు మీద అమ్మకాలు నిషేధమని బోర్డు పాతారు. నాలుగో రోజు ఉదయం ఆరున్నరకు, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద ఉండగానే, పురపాలక సంస్థ ట్రాక్టరు వచ్చి బండిని తీసుకుపోయింది. మంట ఆర్పుకోవడానికి మాత్రం వ్యవధి ఇచ్చారు. తొమ్మిది రోజుల తరువాత జరిమానా కట్టి విడిపించుకున్నాము. పిండి క్యాను మూత తీస్తే వీధి వీధంతా ముక్కు మూసుకుంది. ఆరు రేకులు ఉండవలసిన ఇడ్లీ పాత్రలో నాలుగే ఉన్నాయి. ఏమేమి తీసుకుపోతున్నారో రాసిన కాగితమేదీ మాకు ఇవ్వలేదు కాబట్టి, ఆ రెండు రేకుల సంగతి అడిగితే, అవి ఉన్నాయనడానికి రుజువేమిటని మమ్మల్నే అడిగారు.

ఇప్పుడు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో కట్టిన షెడ్డులో పద్నాలుగో నంబరు ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఆ చోటు బాగానే ఉంది. కుళాయి ఉంది, లైటు ఉంది, వాన పడితే తడవము. అయితే గేటు తెరిచేది ఎనిమిది గంటలకు. మూడు వారాలు ప్రయత్నించి చూశాము, ఒక్క రోజు కూడా ఇరవై ఐదు ప్లేట్లు దాటలేదు. మిగిలిన పిండితో సాయంత్రాలు పుల్లట్లు పోసి ఇరుగుపొరుగుకు పంచితే, రెండో వారానికి వాళ్ళు కూడా మొహమాటపడుతూ వద్దన్నారు. అమ్మ పేరు మీద వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి రుణం రెండో విడత ఇరవై వేలు నడుస్తోంది. బండి ఆగినా నెలకు పన్నెండు వందల చిల్లర వాయిదా ఆగదు.

అసలు సందేహం ఇక్కడ ఉంది. ఇష్టపూర్వకంగా కొత్త స్థలానికి మారుతున్నానని, పాత స్థలం మీద ఇకపై ఏ హక్కూ కోరనని ఒడియాలో టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. అమ్మ ఒడియా గలగలా మాట్లాడుతుంది గాని చదవలేదు. నేను చదివి వినిపించేదాకా అది షాపు నంబరు ఇచ్చే కాగితమనే అనుకుంది. పది రోజుల్లో సంతకం చేయకపోతే పద్నాలుగో నంబరు కూడా వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. వీధి వ్యాపారుల సర్వేలో అమ్మ పేరు ఉంది, స్లిప్పు భద్రంగా ఉంది, వీధిలో అమ్ముకోవడానికి అనుమతిగా ఇచ్చే విక్రయ ధృవపత్రం మాత్రం ఇంకా చేతికి రాలేదు. సంతకం పెడితే ఏమి పోతుంది, పెట్టకపోతే ఏమి పోతుంది? ఇలాంటి పరిస్థితి చూసినవాళ్ళు దయచేసి చెప్పగలరు.

జవాబు — నడక దారి

మీ అమ్మగారి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గాని, రెండో వైపు మాట కూడా ఇక్కడ ఒకటి ఉండాలి. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆయన ఆస్పత్రికి వెళ్ళే దారిలో కాలిబాట పేరుకే ఉంది; గుప్‌చుప్ (పానీపూరీ) బండ్లను, వాటి ముందు అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్ళను తప్పించుకోవడానికి ఆయన లారీలు తిరిగే రోడ్డు మీదికి దిగి నడవాలి. కాగిన నూనెను మురుగుకాలువలో పారబోస్తే వానాకాలంలో ఆ మురుగు పైకి ఎక్కేది మా వాకిట్లోకే.

మా బావగారు ఒక బస్టాండు సెంటర్లో గది అద్దెకు తీసుకుని టిఫిన్ హోటల్ నడుపుతున్నారు. అద్దె, ట్రేడ్ లైసెన్సు, వాణిజ్య మీటరు బిల్లు, ఇద్దరు పనివాళ్ళ జీతాలు పోగా ఆయనకు మిగిలేదెంతో నాకు తెలుసు. ఆయన గుమ్మం ముందే బండి పెట్టుకున్నవారికి వీటిలో ఒక్కటీ లేదు. ఇంకొక విషయం, నొప్పించాలని కాదు: ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరు ఎన్ని బండ్ల కింద ఉంటుందో అందరికీ తెలుసు. అంత జనం మధ్య అది పేలితే ఎవరిని అడగాలి? నీడ, నీళ్ళు, వెలుతురు ఇచ్చిన తరువాత కూడా పాత చోటే కావాలని పట్టుబట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

జవాబు — పాత గుమాస్తా

నేను ఒడిశాలో ఒక పురపాలక సంస్థలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. బాబూ, ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టించవద్దు. ఎందుకో చెబుతాను.

వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, విక్రయాల నియంత్రణ చట్టం 2014 మే 1 నుంచి అమలులో ఉంది. సర్వే పూర్తయి, అందులో గుర్తించిన వారందరికీ విక్రయ ధృవపత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని, వేరే చోటికి తరలించకూడదని దాని సెక్షన్ 3 చెబుతోంది. సర్వే స్లిప్పు ఉండి ధృవపత్రం రాని మీ అమ్మగారు సరిగ్గా ఆ రక్షణ కింద ఉన్నారు. ఆమె ఇష్టపూర్వకంగా మారుతున్నానని రాసి ఇచ్చారంటే, ఆమెను ఎవరూ తరలించలేదు, ఆమే వెళ్ళిపోయిందని ఫైలులో నమోదు అవుతుంది. ఆ కాగితం ఉద్దేశం అదే. అలాంటివి టైపు చేసిన చేతులు నావి కూడా.

రెండవది, నిషేధ బోర్డు. ఒక రోడ్డును నిషేధ ప్రాంతంగా ప్రకటించడానికి పట్టణ విక్రయ కమిటీ సిఫారసు ఉండాలి. ఆ కమిటీలో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే అయి ఉండాలి, వారు ఎన్నికైన వారై ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. సర్వే జరిగి విక్రయ ప్రణాళిక తయారయ్యేదాకా ఏ ప్రాంతాన్నీ నిషేధ ప్రాంతంగా ప్రకటించరాదని చట్టం చివర ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది. రద్దీగా ఉందన్న ఒక్క కారణం చాలదు. అపరిశుభ్రత కారణం కావాలంటే, అది కేవలం వ్యాపారుల వల్లనే కలిగిందని, పురపాలక సంస్థ తన వంతు పని చేసినా తీరనిదని తేలాలి. మురుగుకాలువ గురించి రాసినవారికి ఇది నా జవాబు కూడా: ఆ కాలువ పూడిక తీయవలసిన వాళ్ళం మేమే, తీయని సంవత్సరాలు నాకు బాగా గుర్తు.

మూడవది, ఆ రోజు ఉదయం జరిగినది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బోర్డు పాతి నాలుగు రోజులు ఆగడం నోటీసు కాదు. గడువు తరువాత కూడా కదలకపోతే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, కాని దాని జాబితా రాసి, స్వాధీనం చేసుకున్న అధికారి సంతకంతో ఒక ప్రతి వ్యాపారికి ఇవ్వాలి. పాడయ్యే సరుకును అడిగిన రోజునే, పాడవని సరుకును రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఇడ్లీ పిండి కంటే త్వరగా పాడయ్యే సరుకు ఏముంటుంది? జాబితా ఎందుకు ఇవ్వరని చాలామంది అడుగుతారు. మా కాలంలో ట్రాక్టరుతో వెళ్ళేవాళ్ళ చేతికి ఫారాల పుస్తకం ఇచ్చేవారే కాదు; జాబితా ఆ సాయంత్రం గోదాములో, గుర్తున్నంత మేరకు, నాలాంటివాడు రాసేవాడు. మీ రెండు రేకులు అలాంటి జాబితాలోనే తప్పిపోయి ఉంటాయి.

అయితే మీకు అనుకూలం కానిది కూడా చెప్పాలి. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు అన్నది. ఫలానా అడుగు నేల నాదే అనే హక్కు మాత్రం ఎవరికీ లేదని అదే తీర్పులో అన్నది. అందుచేత పాత చోటు శాశ్వతంగా కావాలని అడిగితే మీ వాదన బలహీనపడుతుంది. తరలింపు తప్పనిసరి అయితే జీవనం మునుపటి స్థాయికి తగ్గకుండా ఉండాలని రెండో షెడ్యూలు చెబుతోంది. ఎనభై ప్లేట్లు ఇరవై ఐదు కావడం ఆ సూత్రాన్ని మీరడమే, మీ వాదనను దాని మీద నిలపండి. రోజువారీ లెక్క ఉన్న నోటుపుస్తకమేదైనా ఇంట్లో ఉందా?

జవాబు — గనులూరి తెలుగు

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. గనిలో ఉద్యోగం అయిపోయాక అమ్మ, పిన్ని కలిసి మిర్చి బజ్జీ హాత్‌గాడీ (తోపుడు బండి) పెట్టారు. ఇక్కడ మీ ట్రాక్టరును అతిక్రమణ్ పథక్ (ఆక్రమణలు తొలగించే దళం) అంటారు, మిగతాదంతా మీరు రాసినట్లే ఉంటుంది.

మేము సంతకం పెట్టాము. అందుకే రాస్తున్నాను.

మాకు కూడా మంచి షెడ్డే ఇచ్చారు. అక్కడ నలభై చోట్లు ఉంటే, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం తాళాలు పడ్డాయి. ఎవరు మిగిలారో, ఎవరు పోయారో చూస్తే ఒక సంగతి తెలిసింది. గాజులవాళ్ళు నిలిచారు, ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళు నిలిచారు, చెప్పులు కుట్టే ఆయన నిలిచాడు. ముందుగా పోయినవాళ్ళంతా వండి అమ్మేవాళ్ళే. గాజుల జత ఈ రోజు అమ్ముడవకపోతే రేపు అమ్ముడవుతుంది. కలిపిన శనగపిండి రేపటిదాకా ఆగదు. పైగా గాజులు కొనాలని ఇంటి నుంచి బయలుదేరి వచ్చేవాళ్ళు ఉంటారు, బజ్జీ కోసం కిలోమీటరు నడిచేవాళ్ళు ఉండరు. షిఫ్టు దిగిన మనిషికి దారిలో వాసన తగిలితే ఆగుతాడు, అంతే. పథకం గీసేవాళ్ళు మాత్రం అందరికీ ఒకే కొలత గల గడులు గీస్తారు.

ఇంకొక బాధ ఏమిటంటే, మేము ఖాళీ చేసిన చోట నెల తిరగకుండానే కొత్త బండ్లు వచ్చాయి. వాళ్ళు సర్వేలో లేరు, కాగితాలు లేవు, రోజూ ఎవరికో హప్తా (మామూలు) ఇచ్చి నిలబడతారని అందరూ చెప్పుకునేవారు. మేము అక్కడ హక్కు కోరమని రాసి ఇచ్చినవాళ్ళం కాబట్టి తిరిగి వెళ్ళి అడగలేకపోయాము. రోడ్డు ఏమాత్రం ఖాళీ కాలేదు, మనుషులు మారారు. నడక దారి గారూ, మీ నాన్నగారి కాలిబాటకు కూడా ఇదే జరగవచ్చు, దయచేసి ఆలోచించండి.

మహారాష్ట్రలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. బొంబాయి హైకోర్టు 2017 నవంబరులో ముంబయి గురించి ఇచ్చిన తీర్పులో రైల్వే స్టేషన్లకు 150 మీటర్లు, బడులు, గుడులు, ఆస్పత్రులకు 100 మీటర్ల లోపల అమ్మకాలు కూడదని చెప్పింది. మా ఊళ్ళో కూడా మాటకు ముందు ఆ అంకెలే చెప్పి బెదిరించేవారు. టేపు తెచ్చి కొలవమని అడిగిన రోజున మా పిన్ని బండి బడి గేటుకు నూట ముప్పై మీటర్ల దూరంలో ఉన్నట్లు తేలింది. ధృవపత్రం కోసం మమ్మల్ని డొమిసైల్ కాగితం కూడా అడిగారు. పదిహేనేళ్ళ నివాసం చూపించవలసి వచ్చింది, పాత రేషన్ కార్డు, పిల్లల బడి టీసీలు పనికివచ్చాయి. ఇంట్లో పాత కాగితం దేన్నీ పారేయవద్దు.

జవాబు — రాయగడ నుంచి

నాది చిన్న జవాబు. మా జిల్లాలో చటికోనలో బుధవారం సంత జరుగుతుంది, డొంగరియా కోంధులనే ఆదివాసులు కొండ దిగి వచ్చి పసుపు, పండ్లు అమ్ముకుపోతారు. గురువారం వెళ్ళి చూస్తే అంత జనం అక్కడ నిలిచారంటే నమ్మలేము. నేల అందరిదీ, రోజు మాత్రం సంతది. ఇందోర్‌లో సరాఫా కూడా అలాంటిదే, పగలు నగల కొట్లు, అవి మూశాక రాత్రి అదే వీధిలో తిండి బండ్లు. బస్టాండు రోడ్డులో అసలు ఇబ్బంది ఏ గంటకు మొదలవుతుంది? మీ అమ్మ బండి తొమ్మిదికే వెళ్ళిపోతుందని మీరే రాశారు కదా.

ప్రశ్న వేసినవారు — గంజాం తెలుగు

అందరికీ కృతజ్ఞతలు. నడక దారి గారు అడిగినదానికి ముందుగా జవాబు చెప్పాలి. మా బండి కింద కూడా మొన్నటిదాకా ఎర్ర సిలిండరే ఉండేది, తప్పే. ఈ నెలలో 19 కిలోల వాణిజ్య సిలిండరుకు మారాము. నూనె మేము కాలువలో పోయము, వడలకు వాడినది డబ్బాలో పట్టి ఉంచితే దీపాలకని ఒకాయన తీసుకుపోతాడు. ప్లాస్టిక్ కప్పులు 2022 జులైలో దేశమంతటా నిషేధించక ముందు నుంచీ మాది అడ్డాకు డొప్పలే.

రాయగడ వారి ప్రశ్న చదివాక మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి అక్కడే నిలబడి చూశాను. ఎనిమిదిన్నర దాకా ఆ రోడ్డులో బస్సులు తప్ప పెద్ద వాహనాలు లేవు, దుకాణాల షట్టర్లు మూసే ఉన్నాయి. ఆటోలు అడ్డం తిరగడం, బ్యాంకు ముందు బళ్ళు నిలపడం తొమ్మిదిన్నర తరువాత మొదలయింది. గుమాస్తా గారూ, లెక్క నోటుపుస్తకం ఉంది. అమ్మ రాసినది కాదు, పాలవాడికి, రవ్వ కొట్టుకు బాకీ రాసుకునే పుస్తకం. ఏ రోజు ఎంత రవ్వ తెచ్చామో ఆరేళ్ళది ఉంది. అది పనికివస్తుందా? పాత చోటే తెల్లవారుజాము నుంచి తొమ్మిది వరకు, ఆ తరువాత ఖాళీ, అని అడగడానికి చట్టంలో వీలుందా?

జవాబు — పాత గుమాస్తా

ఉంది. ఒకే స్థలాన్ని వేళలవారీగా వాడుకునే పద్ధతిని చట్టం ఒప్పుకుంటుంది; ఆ పద్ధతిలో అమ్మేవారు తమ వేళ ముగియగానే రోజూ సరుకు, బండి తీసివేయాలన్న బాధ్యత కూడా అందులోనే రాసి ఉంది. మీ అమ్మగారు ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది అదే. రవ్వ కొట్టు పుస్తకం అన్నిటికంటే మంచి సాక్ష్యం, ఎందుకంటే అది అధికారుల కోసం రాసుకున్నది కాదు. ఆ మూడు వారాల పేజీలను వేరుగా జిరాక్సు తీయించండి.

అర్జీలో మూడే కోరండి: తెల్లవారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిది వరకు పాత చోట వేళ కేటాయింపు, నిషేధాన్ని సిఫారసు చేసిన కమిటీ సమావేశపు తీర్మానం నకలు, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు. పద్నాలుగో నంబరును మీరు తిరస్కరిస్తున్నట్లు ఎక్కడా రాయవద్దు, ఈ అర్జీ తేలేదాకా దానిని నిలిపి ఉంచమని కోరండి. నకళ్ళు ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. అదీ కుదరకపోతే సెక్షన్ 20 కింద ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంటుంది. దానికి అధ్యక్షులుగా సివిల్ జడ్జిగా గాని, జుడీషియల్ మేజిస్ట్రేటుగా గాని పనిచేసినవారు ఉంటారు, పురపాలక ఉద్యోగులు అందులో సభ్యులుగా ఉండకూడదు.

నడక దారి గారిని ఒక మాట అడగాలనుంది, కోపం తెచ్చుకోవద్దు. మీ నాన్నగారు ఆస్పత్రికి వెళ్ళే వేళ ఏది?

జవాబు — నడక దారి

పది గంటల ఓపీకి. కోపమేమీ లేదు. తొమ్మిదికి నిజంగా ఖాళీ చేస్తారంటే నాకు అభ్యంతరం లేదు, కాని ఒక్క బండి ఉండిపోయినా మళ్ళీ ఇక్కడికే వచ్చి రాస్తాను. బావగారి అద్దె సంగతి మాత్రం అలాగే ఉంది. ఆయన ఆరింటికే పొయ్యి వెలిగిస్తారు.

జవాబు — పాత గుమాస్తా

బావగారి మాట న్యాయమైనదే. వేళ కేటాయిస్తే నిర్వహణ రుసుము వసూలు చేసే అధికారం సంస్థకు ఉంది. నెలనెలా రుసుము కట్టడానికి సిద్ధమని అర్జీలోనే రాయండి, బాబూ. హప్తా కంటే రసీదు ఉన్న రుసుము ఎప్పుడూ చవక.

సోమవారం ఉదయం వెళ్ళండి, మధ్యాహ్నం వెళితే ఆవక జావక గుమాస్తా (వచ్చే, పోయే కాగితాలు నమోదు చేసేవాడు) సీటులో ఉండడు. రెండు ప్రతులు తీసుకువెళ్ళి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అర్జీ ఒడియాలోనే రాయించండి, కాని అమ్మగారి చేత వేలిముద్ర వేయించవద్దు. ఆమెకు వచ్చిన తెలుగులోనే సంతకం పెట్టించి, కింద మీరు ఒడియాలో ఆమె పేరు రాయండి. తెలుగు సంతకం చెల్లదని ఎవరైనా అంటే, సర్వే స్లిప్పు మీద ఆమె పెట్టిన సంతకం ఏ లిపిలో ఉందో చూపించండి.